లివర్ దెబ్బతిన్నప్పుడు తెల్లకణాల కౌంట్ ఏం చెబుతుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే కాగితం గురించి, సీబీపీ రిపోర్టు, అంటే రక్తకణాల లెక్క. లివర్ జబ్బు అనగానే అందరూ కామెర్లను చూపే బిలిరుబిన్ ఎంత, లివర్ కణాల దెబ్బను చూపే ఎస్‌జీపీటీ ఎంత అని చూస్తారు, తెల్లకణాల వరుస మీద చూపు ఆగదు. ఆగితే మాత్రం భయం మొదలవుతుంది. అందుకే అలాంటి ఉత్తరాలన్నీ ఒకచోట చేర్చాను. రాసినవాళ్లు పేర్లు వద్దన్నారు, ఊళ్లు మాత్రమే ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఆయన వయసు 42. తాగుడు ఎప్పటినుంచో ఉంది, గత ఏడాది నుంచి మరీ ఎక్కువైంది. కళ్లు పచ్చబడితే ముందు పక్క ఊళ్లో పసరు మందు పోయించాం, తగ్గకపోగా పొట్ట ఉబ్బింది. ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్నారు. బిలిరుబిన్ 16, ఐఎన్‌ఆర్ 1.8, యూరియా 28, తెల్లకణాలు 18,600, అందులో న్యూట్రోఫిల్స్ 82 శాతం, లింఫోసైట్స్ 11 శాతం. జ్వరం లేదు. అయినా కల్చర్లు పంపారు, అవి వచ్చాక స్టెరాయిడ్ ఇవ్వాలో వద్దో చెబుతామన్నారు. జ్వరం లేకుండా కౌంట్ ఎందుకు పెరుగుతుంది? బంధువులు బ్లడ్ క్యాన్సరేమో అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. (తెనాలి)

జవాబు: ముందు ఆ బ్లడ్ క్యాన్సర్ మాట పక్కన పెట్టండమ్మా. తాగుడు వల్ల లివర్ వాచిపోయే జబ్బులో, అంటే ఆల్కహాలిక్ హెపటైటిస్‌లో, తెల్లకణాలు పెరగడం చాలా మామూలు. మామూలుగా 4,000 నుంచి 11,000 మధ్య ఉండాల్సినవి 15,000, 20,000 అవుతుంటాయి, అరుదుగా 40,000 దాటి నిజంగానే ల్యుకేమియాలా కనిపించేవి కూడా ఉంటాయి, అప్పుడు స్లైడు మీద కణాలను చూసి తేల్చుకుంటారు. మీవారిది అంత దూరం వెళ్లలేదు.

ఎందుకు పెరుగుతాయంటే రెండు కారణాలు, రెండూ ఒకేసారి ఉండొచ్చు. తాగుడు వల్ల పేగుల గోడ బలహీనపడి, లోపలి బ్యాక్టీరియా, వాటి ముక్కలు పోర్టల్ రక్తనాళం ద్వారా నేరుగా లివర్‌కు చేరతాయి. అక్కడ కాపలా ఉండే కణాలు వాటిని చూసి గోల మొదలుపెడతాయి, ఇంటర్‌ల్యూకిన్ 8 లాంటి రసాయనాలు వదులుతాయి, వాటి పిలుపు విని మూలుగ నుంచి న్యూట్రోఫిల్స్ గుంపులుగా బయల్దేరతాయి. చచ్చిపోతున్న లివర్ కణాల నుంచి కారే పదార్థాలు కూడా ఇదే పని చేస్తాయి. కాబట్టి శరీరంలో ఎక్కడా చీము లేకపోయినా, జ్వరం లేకపోయినా కౌంట్ పెరుగుతుంది. రెండో కారణం నిజమైన ఇన్ఫెక్షన్, పొట్టలో నీటిలోనో, ఊపిరితిత్తుల్లోనో, మూత్రంలోనో. ఈ రెండింట్లో ఏది అని కౌంట్ ఒక్కటి చూసి చెప్పగల డాక్టరు లేడు. ఇలాంటి రోగులకు ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు, ఇన్ఫెక్షన్ లేకున్నా జ్వరం రావచ్చు. అందుకే కల్చర్లు (రక్తంలో, మూత్రంలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్షలు), ఛాతీ ఎక్స్‌రే, పొట్ట నీటి పరీక్ష. మీ డాక్టర్లు నాన్చడం లేదు, చేయాల్సిందే చేస్తున్నారు.

ఇంకో చిత్రమేమిటంటే, అన్ని కణాలు ఉన్నా అవి పని సరిగా చేయవు. బ్యాక్టీరియాను మింగి చంపే శక్తి ఈ జబ్బులో న్యూట్రోఫిల్స్‌కు తగ్గిపోతుంది. జాతరకు బందోబస్తు కోసం వచ్చిన పోలీసులంతా దొంగను వదిలేసి జనం మీదే లాఠీలు ఝళిపించినట్టు, అవి లివర్‌నే ఇంకాస్త గాయపరుస్తాయి. కౌంట్ ఎక్కువగా ఉంది కదా, రోగనిరోధక శక్తి బాగుందన్నమాట అని ఒకాయన ఈమధ్యే నాతో వాదించాడు. సరిగ్గా తలకిందులు.

ఇక మీరు అడగకపోయినా మీ మనసులో ఉన్నది, ప్రమాదం ఎంత అని. గ్లాస్గోలోని డాక్టర్లు 2005లో ఈ జబ్బుకు ఒక స్కోరు తయారుచేశారు. వయసు, తెల్లకణాలు, యూరియా, రక్తం గడ్డకట్టే తీరును చూపే ఐఎన్‌ఆర్, బిలిరుబిన్, ఈ ఐదింటికి మార్కులు వేసి కూడతారు. మీవారి లెక్క వేసి చూశాను. వయసు 50 లోపు కాబట్టి 1, యూరియా 30 లోపు కాబట్టి 1, ఐఎన్‌ఆర్ ఒకటిన్నరకు రెండుకు మధ్య కాబట్టి 2, బిలిరుబిన్ 14.6 దాటింది కాబట్టి 3. తెల్లకణాలు 15,000 లోపు ఉంటే 1, అంతకంటే ఎక్కువైతే 2. మీవారికి 2 పడ్డాయి, మొత్తం 9 అయింది. ఆ స్కోరులో గీత గీసింది సరిగ్గా 9 దగ్గరే. కౌంట్ 14,000 ఉండి మిగతావన్నీ ఇవే అయితే ఆయన గీతకు ఇవతల ఉండేవారు. అంటే తెల్లకణాల వరుసే ఆయన్ని ప్రమాదం ఎక్కువున్న గుంపులోకి నెట్టింది.

దాచడం నాకు ఇష్టం లేదు, ఆ అధ్యయనంలో 9 కంటే తక్కువ వచ్చినవాళ్లలో నెల దాటినవాళ్లు పదిమందిలో తొమ్మిదిమంది దాకా ఉంటే, 9 అంతకుమించి వచ్చినవాళ్లలో సుమారు సగమే. ఆ సగంలో మీవారు ఎటువైపు ఉంటారో ఏ స్కోరూ చెప్పదు. పైగా స్టెరాయిడ్ వల్ల మేలు కనిపించింది కూడా ఎక్కువగా ఈ 9 అంతకుమించి వచ్చినవాళ్లలోనే, అంటే మీవారి లాంటి వాళ్లే దానికి అభ్యర్థులు. డాక్టర్లు తటపటాయించేది ఇన్ఫెక్షన్ ఉందేమోనని. అదుపులో లేని ఇన్ఫెక్షన్ మీద స్టెరాయిడ్ ఇస్తే అగ్గికి ఆజ్యమే. ఈ మధ్య ఇంకో చిన్న లెక్క కూడా చూస్తున్నారు, న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్స్‌తో భాగించడం. మీవారిది 82ను 11తో భాగిస్తే ఏడున్నర. బ్రిటన్‌లో స్టెరాయిడ్ మీద జరిగిన పెద్ద ట్రయల్ వివరాలను మళ్లీ తిరగేసినప్పుడు ఈ నిష్పత్తి 5కు 8కి మధ్య ఉన్నవాళ్లకే మేలు ఎక్కువగా జరిగినట్టు, 8 దాటినవాళ్లకు ఆ మందు మీద ఇన్ఫెక్షన్లు ఎక్కువ వచ్చినట్టు తేలింది. దీన్ని పట్టుకుని మీరు డాక్టరుతో వాదనకు దిగవద్దు, కానీ అడగడంలో తప్పులేదు.

స్టెరాయిడ్ మొదలుపెడితే ఒక్క విషయం గుర్తుంచుకోండి, మర్నాటికల్లా కౌంట్ ఇంకా పెరగొచ్చు. రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్స్‌ను ఆ మందు వదిలించి ప్రవాహంలోకి తెస్తుంది, అంతే. అక్కణ్నుంచి తెల్లకణాల సంఖ్య మనకు అంతగా ఉపయోగపడదు. ఏడో రోజు బిలిరుబిన్ ఎంత తగ్గిందో చూసి లిల్ స్కోరు వేస్తారు, అది 0.45 దాటితే మందు పనిచేయలేదని ఆపేస్తారు. అలా ఆపితే వదిలేశారని అనుకోవద్దు, ఆ దశలో లివర్ మార్పిడి గురించి మీరే నోరు తెరిచి అడగండి.

తిండి సంగతి. కామెర్లని చెప్పి చారన్నం, మజ్జిగన్నం పథ్యం పెట్టి మనుషుల్ని ఎండగడతారు మన దగ్గర. ఈ జబ్బులో అది నిజంగా ప్రాణం మీదికి తెస్తుంది. కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి, అరవై కిలోల మనిషికి రోజుకు 70 నుంచి 90 గ్రాములు. గుడ్లు, పప్పు, పాలు, పెరుగు, రాత్రి పడుకోబోయే ముందు ఇంకోసారి ఏదైనా. పసరు పోసినాయన పేరు అడగను గానీ, ఆ మందు సంగతి డాక్టర్లకు తప్పకుండా చెప్పండి, కొన్ని ఆకు మందులు కూడా లివర్‌ను దెబ్బతీస్తాయి.

ప్రశ్న: మా నాన్నగారికి చాలాకాలంగా సిర్రోసిస్ ఉంది సార్. తెల్లకణాలు ఎప్పుడూ 3,000 దగ్గరే, ప్లేట్‌లెట్లు 60,000. పోయిన వారం చేయిస్తే తెల్లకణాలు 9,000 వచ్చాయి, రిపోర్టులో మొదటిసారి ఆ వరుసకు తేడా ఉందని చూపే ముదురు నల్ల అక్షరాలు లేవు, అందరం సంతోషపడ్డాం. కానీ రెండు రోజులుగా పగలంతా నిద్రపోతున్నారు, మూత్రం తగ్గింది, పొట్టలో కొంచెం నొప్పి అంటున్నారు. కౌంట్ నార్మల్ అయింది కదా, ఇది నీరసమేనా? (కరీంనగర్)

జవాబు: మీ ఉత్తరం అందిన రోజే విడిగా జవాబు పంపాను, ఇది పత్రిక వచ్చేదాకా ఆగే విషయం కాదు. ఇక్కడ మిగతావాళ్ల కోసం రాస్తున్నాను, ఎందుకంటే ఇదే పొరపాటు చదువుకున్న ఇళ్లలో కూడా జరుగుతుంది.

సిర్రోసిస్‌లో, అంటే లివర్ మచ్చలుపడి గట్టిపడే జబ్బులో, పోర్టల్ నాళంలో ఒత్తిడి పెరిగి స్ప్లీన్ (ప్లీహం) ఉబ్బుతుంది. ఉబ్బిన స్ప్లీన్ తెల్లకణాలను, ప్లేట్‌లెట్లను తనలో దాచేసుకుంటుంది. అందుకే మీ నాన్నగారికి 3,000 అనేది ఆయన మామూలు. ఆ మనిషికి 9,000 వచ్చిందంటే మూడు రెట్లు పెరిగిందని అర్థం. మనలాంటి వాళ్లకు 7,000 నుంచి 21,000 అయితే ఎంత కంగారు పడతామో అంత కంగారు పడాలి. ల్యాబ్‌లోని మెషీన్‌కు పాత రిపోర్టులు తెలియవు, ఊళ్లో అందరికీ వాడే గీతే మీ నాన్నగారికీ వాడుతుంది. సిర్రోసిస్ ఉన్న ఇంట్లో పాత సీబీపీలన్నీ ఒక ఫైలులో పెట్టి, ఎప్పుడు ఆస్పత్రికి వెళ్లినా అది పట్టుకెళ్లమని నేను పోరేది అందుకే.

యూరప్‌లో 8 దేశాల్లోని 29 లివర్ కేంద్రాల్లో 1,343 మంది సిర్రోసిస్ రోగులను చూసి 2013లో ప్రచురించిన కానోనిక్ అధ్యయనం ఒకటుంది. ఉన్నట్టుండి జబ్బు ముదిరి కిడ్నీ, మెదడు లాంటి ఇతర అవయవాలు కూడా దెబ్బతినే స్థితిని అందులో వివరంగా గమనించారు. అలాంటివాళ్లలో తెల్లకణాలు ఎక్కువగా ఉన్నాయి, జబ్బు తీవ్రత పెరిగేకొద్దీ ఇంకా పెరిగాయి, ఇన్ఫెక్షన్ దొరకని వాళ్లలో కూడా. ఆ లెక్కల నుంచే తర్వాత ఒక స్కోరు పుట్టింది, అందులో మూడే అంశాలు: ఏ అవయవాలు ఎంత దెబ్బతిన్నాయి, వయసు, తెల్లకణాల సంఖ్య. తెల్లకణాలను నేరుగా కాకుండా లాగరిథమ్‌లో తీసుకుంటారు కాబట్టి, 6,000 నుంచి 12,000 అయినా, 12,000 నుంచి 24,000 అయినా పెరిగే మార్కులు ఒకటే, సుమారు 4.4. అదే స్కోరులో వయసు ఒక ఏడాది పెరిగితే 0.4. అంటే కౌంట్ రెట్టింపు కావడమంటే ఆ లెక్కలో మనిషికి పదకొండేళ్లు మీద పడినట్టు! 3,000 నుంచి 9,000 అంటే పదిహేడేళ్లు. ఇది అవయవాలు దెబ్బతిన్న రోగులకు మాత్రమే వాడే స్కోరు, ఇంట్లో కూర్చుని వేసుకునేది కాదు, కానీ ఆ వరుసకు డాక్టర్లు ఎంత విలువ ఇస్తారో తెలియాలని చెప్పాను.

పగటి నిద్ర, మూత్రం తగ్గడం, పొట్టనొప్పి, ఈ మూడూ కౌంట్‌తో పాటు వస్తే మొదటి అనుమానం పొట్టలోని నీటికి ఇన్ఫెక్షన్. సూది పెట్టి కొంచెం నీరు తీసి, అందులో న్యూట్రోఫిల్స్ 250 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఇన్ఫెక్షన్ ఉన్నట్టే, కల్చర్ వచ్చేదాకా ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెడతారు. గమనించారా, ఇక్కడ కూడా తెల్లకణాలే, కానీ రక్తంలోవి కాదు. నీరు తీస్తే మనిషి బలం పోతుందని సంతకం పెట్టకుండా గంటలు గంటలు బయట కూర్చునే కుటుంబాలు ఉన్నాయి. పరీక్ష కోసం తీసేది ఒక చిన్న సిరంజి నిండా, దానివల్ల పోయే బలం ఏమీ లేదు, ఆలస్యం వల్ల పోయేది మాత్రం చాలా ఉంది.

ఇన్ఫెక్షన్ అని తేలితే ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రొటీన్ కూడా ఎక్కిస్తారు, మొదటి రోజు కిలోకు ఒకటిన్నర గ్రాములు, మూడో రోజు ఒక గ్రాము. అరవై కిలోల మనిషికి మొదటి రోజే 90 గ్రాములు, అంటే 20 శాతం వంద మిల్లీలీటర్ల సీసాలు నాలుగున్నర. ఖరీదు చూసి ఒకటి రెండు సీసాలతో సరిపెట్టమని అడుగుతారు, వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. అయితే 1999లో స్పెయిన్‌లో జరిగిన ట్రయల్‌లో యాంటీబయాటిక్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో ఆస్పత్రిలో 29 శాతం మంది చనిపోతే, ఆల్బుమిన్ కూడా ఇచ్చినవాళ్లలో 10 శాతం. ఎక్కడైనా పొదుపు చేయండి గానీ ఇక్కడ వద్దు.

ప్రశ్న: మా అమ్మాయికి 19. ఫిట్స్ వస్తే ఫెనిటోయిన్ రాశారు, వాడుతూ అయిదు వారాలైంది. ఇప్పుడు జ్వరం, ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు, ముఖం వాపు. ఎస్‌జీపీటీ 900, తెల్లకణాలు 12,000, ఇసినోఫిల్స్ 18 శాతం. దగ్గర్లోని డాక్టరుగారు ఇసినోఫిల్స్ పెరిగితే ఎలర్జీయే, సిట్రిజిన్ వేస్తే పోతుందన్నారు. నమ్మొచ్చా? (విశాఖపట్నం)

జవాబు: నమ్మొద్దు. ఈ రోజే పెద్దాస్పత్రికి తీసుకెళ్లండి. 12,000లో 18 శాతం అంటే 2,160 ఇసినోఫిల్స్. 1,500 దాటడమే ఎక్కువ. మందు మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల్లో జ్వరం, దద్దుర్లు, ముఖం వాపు, లివర్ దెబ్బ, ఇసినోఫిల్స్ కలిసి వస్తే దాన్ని డ్రెస్ అంటారు. ఫిట్స్ మందులు, యూరిక్ యాసిడ్‌కు వాడే అల్లోప్యూరినాల్, కుష్ఠుకు వాడే డాప్సోన్, ఇవి దీనికి పేరుమోసినవి. పాత లెక్కల్లో నూటికి పదిమంది దాకా చనిపోయేవారు, చాలావరకు లివర్ పాడై. ఫెనిటోయిన్ ఆపాల్సిందే, కానీ ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు కాబట్టి ఆస్పత్రిలో వేరే మందు మీదికి మారుస్తారు. ఆ వేరే మందు కార్బమజెపైనో ఫినోబార్బిటోనో మాత్రం కాకూడదు, ఒకదానికి పడనివాళ్లకు తరచుగా మిగతా రెండూ పడవు. ఈ మాట కాగితం మీద రాసుకుని వెళ్లండి.

ఒక ఊరట ఉంది. మందుల వల్ల లివర్ దెబ్బతిన్నవాళ్లను గమనించినప్పుడు, ఇసినోఫిల్స్ పెరిగినవాళ్లే మొత్తం మీద బాగా కోలుకున్నారు. అది ఎలర్జీ తరహా దెబ్బ కావడం, కారణమైన మందు త్వరగా పట్టుబడి ఆపేయడం అందుకు కారణాలు కావచ్చని నా అభిప్రాయం. తెల్లకణాల్లో ఒక రకం పెరిగితే చెడ్డ కబురు, ఇంకో రకం పెరిగితే కాస్త మంచి కబురు, అందుకే మొత్తం కౌంట్ ఒక్కటి చెప్పి ఏమిటి డాక్టరుగారూ అంటే జవాబు ఉండదు. లింఫోసైట్స్ బాగా తగ్గితే మాత్రం ఏ రకం లివర్ దెబ్బలోనైనా నాకు నచ్చదు. ఇక మీరు బిలిరుబిన్ రాయలేదు. అది మామూలు గరిష్ఠ హద్దుకు రెండు రెట్లు దాటిందేమో చూడండి. హైమన్ జిమ్మర్‌మన్ అనే అమెరికన్ డాక్టరు ఎప్పుడో చెప్పిన మాట ఇప్పటికీ నిలబడింది: మందు వల్ల ఎస్‌జీపీటీ పెరిగి, దానితో పాటు కామెర్లు కూడా వస్తే, పదిమందిలో ఒకరికి ప్రాణాపాయం.

ప్రశ్న: డెంగ్యూ వచ్చింది, తెల్లకణాలు 2,100, ఎస్‌జీఓటీ 600. మీరు ఒక పాత సంచికలో లివర్ జబ్బులో తెల్లకణాలు ముఖ్యమన్నారు, నా లివర్ పోయినట్టేనా? (ఖమ్మం)

జవాబు: లేదు. డెంగ్యూ వైరస్సే తెల్లకణాలను పడేస్తుంది, ఆ జ్వరంలో ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీ కంటే ఎక్కువ పెరగడం కూడా మామూలే. ఇక్కడ చూడాల్సినవి ప్లేట్‌లెట్లు, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం, అంటే రక్తం ఎంత చిక్కబడిందో), ఆగని వాంతులు, పొట్టనొప్పి, మగత. ఈ చివరి మూడింట్లో ఏది ఉన్నా ఇంట్లో ఉండొద్దు. నొప్పికి బ్రూఫెన్, ఆస్పిరిన్ వద్దు. పారాసిటమాల్ రాసిచ్చినంతే. జలుబు మాత్రల్లో కూడా అదే ఉంటుంది, రెండూ కలిపి వేసుకుంటే డోసు మీకు తెలియకుండానే దాటిపోతుంది.

ప్రశ్న: మా తమ్ముడు విజయవాడలో లివర్ ఫెయిల్యూర్‌తో ఉన్నాడు. తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్ జీసీఎస్‌ఎఫ్ ఇస్తే లివర్ మళ్లీ పెరుగుతుందని ఇంటర్నెట్‌లో చదివాను. డాక్టర్లు ఒప్పుకోవడం లేదు. డబ్బు సమస్య కాదు. (డల్లాస్)

జవాబు: మీరు చదివింది అబద్ధం కాదు, సగమే. 2012లో ఢిల్లీ డాక్టర్లు ఇలాంటి 47 మంది మీద చిన్న ట్రయల్ చేస్తే ఇంజెక్షన్ ఇచ్చినవాళ్లు చెప్పుకోదగ్గంత ఎక్కువమంది బతికారు, దేశమంతా ఆశపడ్డాం, నేనూ కొందరికి రాశాను. తర్వాత జర్మనీలో 176 మంది మీద చేసి 2021లో ప్రచురించిన ట్రయల్‌లో తేడా ఏమీ కనిపించలేదు. ఇంజెక్షన్ ఇచ్చాక తెల్లకణాలు ఎలాగూ పెరుగుతాయి, అది చూసి మెరుగైందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు, పైగా అసలైన ఇన్ఫెక్షన్ వస్తే కౌంట్ చూసి పట్టుకునే వీలు కూడా తగ్గుతుంది. డబ్బు సమస్య కాదన్నారు కాబట్టి చెబుతున్నాను, దాన్ని మార్పిడి పరీక్షలకు వెచ్చించండి. అవయవదానాల కోసం ప్రభుత్వం నడిపే జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించమని ఆస్పత్రిని అడగండి, ఇంట్లో రక్తం గ్రూపు కలిసేవాళ్లు ఎవరున్నారో ఈ వారంలోనే తేల్చుకోండి. మీ గ్రూపు కలిస్తే టికెట్ తీసుకోండి.